వంపు తెర అల్ట్రావైడ్ గేమింగ్ మానిటర్: కొనేముందు మనవాళ్లు అడిగే ప్రశ్నలు

నల్లగొండలో నలుగురైదుగురు దోస్తులకు పీసీలు బిగించి ఇచ్చిన పాపానికి నాకు ఫోన్లు ఆగవు. ప్రకాశం బజార్ నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు. ఈమధ్య అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఆ పొడుగు వంపు మానిటర్ తీసుకుందామనుకుంటున్నా, ఏది మంచిది?" ఏది మంచిదో తర్వాత చూద్దాం. ముందు మీ టేబుల్ ఎంత, కంప్యూటర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు (ఆట బొమ్మలు గీసే భాగం) ఏది, ఆడే ఆటలు ఏవి? ఈ మూడూ చెప్పకుండా మానిటర్ పేరు అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. ఫోన్లో పదిసార్లు చెప్పినవన్నీ ఇక్కడ ఒక్కసారి రాసి పెడుతున్నా.

కర్వ్డ్ అన్నా అల్ట్రావైడ్ అన్నా ఒకటేనా?

కాదు. కర్వ్డ్ అంటే తెర వంగి ఉండటం. అల్ట్రావైడ్ అంటే తెర అడ్డంగా ఎక్కువ పొడవుండటం. మామూలు మానిటర్, టీవీ 16:9 కొలతలో ఉంటాయి, అంటే 16 పాళ్లు వెడల్పు, 9 పాళ్లు ఎత్తు. అల్ట్రావైడ్ 21:9. అంతకన్నా పొడుగువి 32:9. వంపు ఉన్నా 16:9లోనే ఉండే 27, 32 ఇంచుల మానిటర్లు చాలా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో "కర్వ్డ్" అని చూసి ఆర్డర్ పెట్టేసి, డబ్బా విప్పాక "ఇది పొడుగ్గా లేదేంటన్నా" అని అడిగినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. పేరును నమ్మకండి, రిజల్యూషన్ (తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలున్నాయన్న లెక్క) చూడండి. 2560 × 1080 లేదా 3440 × 1440 అని ఉంటే అల్ట్రావైడ్. 1920 × 1080, 2560 × 1440 అని ఉంటే కాదు.

34 ఇంచులంటే మా ఇంట్లో 32 ఇంచుల టీవీ కంటే పెద్దదే కదా?

వెడల్పులో పెద్దదే, ఎత్తులో చిన్నది. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఇంచుల లెక్క మూల నుంచి మూలకు కొలిచేది. 32 ఇంచుల టీవీ తెర సుమారు 28 ఇంచుల వెడల్పు, 15.7 ఇంచుల ఎత్తు ఉంటుంది. 34 ఇంచుల అల్ట్రావైడ్ వెడల్పు 31.4 ఇంచులు, ఎత్తు 13 ఇంచుల పైచిలుకే. అంటే ఎత్తులో సరిగ్గా ఒక 27 ఇంచుల మామూలు మానిటర్ అంత. 27 ఇంచుల మానిటర్‌కు రెండు పక్కలా కొంచెం కొంచెం అతికిస్తే 34 ఇంచుల అల్ట్రావైడ్ అవుతుందని గుర్తుపెట్టుకోండి.

ఇదే లెక్కన 29 ఇంచుల అల్ట్రావైడ్ ఎత్తు 23 ఇంచుల మామూలు మానిటర్ అంతే. ఇప్పుడు 24 ఇంచులది వాడుతున్నవాళ్లు 29కి మారితే తెర చిన్నదైనట్టే అనిపిస్తుంది. డబ్బు పెట్టి చిన్నబుచ్చుకోవడం ఎందుకు? 29 మాట మర్చిపోండి.

నా టేబుల్ మీద పడుతుందా?

టేపు తీసుకుని కొలవండి. 34 ఇంచుల మానిటర్ బాడీ చివరి నుంచి చివరికి దాదాపు 2 అడుగుల 8 ఇంచులు. మన దగ్గర ఫర్నిచర్ షాపుల్లో దొరికే కంప్యూటర్ టేబుళ్లకు ఒక పక్క సీపీయూ గూడు, పైన పుస్తకాల అర ఉంటాయి. ఆ మధ్యలో మిగిలే జాగాలో ఇది పట్టదు. పాత ఇళ్లలో గోడకు కట్టిన టీవీ షోకేస్‌లో పెడదామని కూడా అనుకోవద్దు. అంచులు ముందుకు వంగి ఉంటాయి, గూట్లో దూర్చితే వంపు సగం గోడల మధ్యన పోతుంది.

వెడల్పు కంటే లోతు ముఖ్యం. వంపు తెర స్టాండు కాళ్లు వెనక్కీ ముందుకీ చాచుకుని 25 నుంచి 30 సెంటీమీటర్లు తింటాయి. మీ కళ్లకూ తెరకూ మధ్య 65 నుంచి 80 సెంటీమీటర్లు ఉండాలి. కాబట్టి టేబుల్ లోతు రెండడుగులకు తక్కువైతే మెడ నొప్పి ఖాయం. టేబుల్ మార్చడం ఇష్టం లేకపోతే మానిటర్ ఆర్మ్ (టేబుల్ అంచుకు బిగించి మానిటర్‌ను మోసే చేయి) బిగించుకోవచ్చు. మానిటర్ వెనక ఆర్మ్ బిగించడానికి 100 × 100 మిల్లీమీటర్ల వీసా (VESA) స్క్రూ రంధ్రాలున్నాయా, ఆర్మ్ ఎన్ని కిలోలు మోస్తుంది అన్నవి చూసుకోండి. స్టాండు తీసేశాక 34 ఇంచులవి ఎక్కువగా 5 నుంచి 8 కిలోల మధ్య ఉంటాయి. పార్టికల్ బోర్డు టేబుల్ అయితే ఆర్మ్ క్లాంప్ కింద ఒక చెక్క ముక్కో ఇనుప పట్టీయో పెట్టండి. లేదంటే బోర్డు నలుగుతుంది.

2560 × 1080 తక్కువకే వస్తోంది. అది తీసుకోవచ్చా?

నేను తీసుకున్నా. అందుకే వద్దంటున్నా.

నా మొదటి అల్ట్రావైడ్ 34 ఇంచులదే, రిజల్యూషన్ మాత్రం 2560 × 1080. ఆటలో కార్లు బాగానే పరిగెత్తాయి. రేసు అయిపోయాక తెలుగు పేపర్ వెబ్‌సైట్ తెరిస్తే వత్తులన్నీ నలిగి ముద్దయినట్టు కనబడ్డాయి. "క్ష్మి" చదవడానికి తల ముందుకు పెట్టాల్సి వచ్చింది. కారణం మామూలు లెక్కే. ఆ తెర మీద ఒక ఇంచుకు 82 చుక్కలే పడతాయి. 24 ఇంచుల మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92 ఉంటాయి. 3440 × 1440 అయితే 110 దగ్గర. మన లిపిలో వంపులు, గుడులు, ఒత్తులు ఎక్కువ కాబట్టి ఈ తేడా ఇంగ్లిష్ చదివేవాళ్ల కంటే మనకే ఎక్కువ తెలుస్తుంది. ఎనిమిది నెలలకే దాన్ని సూర్యాపేటలో ఒక తమ్ముడికి సగం ధరకు ఇచ్చేశా. ఆ తమ్ముడు ఆటలు తప్ప ఏమీ చూడడు, హాయిగా ఉన్నాడు.

34 ఇంచులకు 3440 × 1440 ఒక్కటే సరైన జోడీ. డబ్బు సరిపోకపోతే పిండి కొద్దీ రొట్టె, 27 ఇంచుల 2560 × 1440 మామూలు మానిటర్ తీసుకోండి. చౌక అల్ట్రావైడ్ కంటే అదే నయం.

నా గ్రాఫిక్స్ కార్డు ఈ తెరను లాగుతుందా?

అందరూ చివర్లో అడిగే ప్రశ్న ఇది, మొదట అడగాల్సింది.

తెర మీద ఎన్ని చుక్కలుంటే కార్డుకు అంత పని. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080లో సుమారు 20.7 లక్షల చుక్కలు. 2560 × 1440లో 36.9 లక్షలు. 3440 × 1440లో 49.5 లక్షలు. 4కేలో 82.9 లక్షలు. అంటే మీ పాత ఫుల్ హెచ్‌డీ మానిటర్ నుంచి అల్ట్రావైడ్‌కు వస్తే కార్డు మీద బరువు రెండింతలు దాటి దాదాపు 2.4 రెట్లు అవుతుంది. అదే కార్డు, అదే ఆట, అవే సెట్టింగులు. నిన్న సెకనుకు 90 ఫ్రేములు (బొమ్మలు) వచ్చినచోట ఇవాళ 45 వస్తే మానిటర్‌ను తిట్టి లాభం లేదు.

జీటీఎక్స్ 1650 లాంటి కార్డు ఉన్నవాళ్లు ముందు కార్డు మార్చండి, మానిటర్ సంగతి తర్వాత. ఆర్‌టీఎక్స్ 3060, 4060 ఉంటే సెట్టింగులు మీడియంకు దించి, డీఎల్ఎస్ఎస్ (తక్కువ చుక్కలతో గీసి పెద్దగా సాగదీసే ఎన్‌విడియా పద్ధతి) ఆన్ చేసి చాలా ఆటలు ఆడుకోవచ్చు. 4060లో 8 జీబీ మెమరీయే ఉండటం వల్ల కొత్త పెద్ద ఆటల్లో టెక్స్చర్లు (వస్తువుల మీది వివరాలు) తగ్గించక తప్పదు. ఆర్‌టీఎక్స్ 4070, ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ స్థాయి నుంచి ఈ తెర నిజంగా సుఖంగా ఉంటుంది. మొత్తం బడ్జెట్‌లో మానిటర్‌కు పెట్టేది కార్డుకు పెట్టేదాన్ని దాటకుండా చూసుకోవాలన్నది నా సొంత లెక్క. బుల్లెట్ బండికి లూనా ఇంజిన్ పెట్టి తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1000ఆర్, 1500ఆర్, 1800ఆర్ అంటే ఏంటి? ఏది ఎక్కువ వంపు?

అంకె తగ్గేకొద్దీ వంపు పెరుగుతుంది. ఆ అంకె మిల్లీమీటర్లలో. తెర వంపును అలాగే కొనసాగించి పూర్తి వృత్తం గీస్తే దాని వ్యాసార్థం అది. 1800ఆర్ అంటే 1.8 మీటర్ల వ్యాసార్థం, 1000ఆర్ అంటే ఒక మీటరు.

34 ఇంచులకు 1500 లేదా 1800 చాలు. రెండు రోజుల్లో కళ్లు అలవాటు పడి వంపు ఉందన్న సంగతే మర్చిపోతారు. 1000ఆర్ డ్రైవింగ్ ఆటల్లో ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు ఉంటుంది. కానీ పక్కన కూర్చున్న తమ్ముడికి బొమ్మ వంకరగా కనిపిస్తుంది. ఫ్లెక్సీ డిజైన్లు, ఇంటి ప్లాన్లు గీసేవాళ్లకు సరళ రేఖ సరళంగా ఉందో లేదో పట్టుకోవడం కష్టమవుతుంది. వంపు ఎక్కువైతే గొప్ప అనే ప్రచారాన్ని పట్టించుకోకండి.

వీఏ, ఐపీఎస్, ఓఎల్ఈడీ: ఏ ప్యానెల్?

ప్యానెల్ అంటే తెర తయారైన పద్ధతి. వంపు అల్ట్రావైడ్‌లలో చౌకవి చాలావరకు వీఏ. కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ వెలుగులో తేడా) 3000:1 దగ్గర ఉంటుంది, మామూలు ఐపీఎస్‌లో 1000:1 చుట్టూ. రాత్రి లైట్లు ఆపి ఆడేవాళ్లకు వీఏలో చీకటి చీకటిగానే కనిపిస్తుంది. దాని జబ్బు వేరే. నల్లటి వస్తువులు వేగంగా కదిలితే వెనక మసి పూసినట్టు తోక కనిపిస్తుంది. చీకటి గుహలో కెమెరా తిప్పి చూడండి, అర్థమవుతుంది. కొందరికి అది అసలు కనబడదు, కొందరికి ఒకసారి కనబడ్డాక ఇంకేమీ కనబడదు.

ఐపీఎస్‌లో ఆ తోక తక్కువ, రంగులు పక్క నుంచి చూసినా పెద్దగా మారవు. నలుపు మాత్రం బూడిద రంగులో ఉంటుంది. పగలు పని చేసుకుని సాయంత్రం ఆడేవాళ్లకు నేను దీన్నే చెబుతా.

ఓఎల్ఈడీ సంగతి వేరు. ప్రతి చుక్కా దానంతటదే వెలిగి ఆరుతుంది కాబట్టి నలుపంటే కటిక నలుపు, కదలికలో మసక చాలా తక్కువ. 2022లో డెల్ ఏలియన్‌వేర్ తెచ్చిన 34 ఇంచుల క్యూడీ-ఓఎల్ఈడీ (ఓఎల్ఈడీలో ఒక రకం) అల్ట్రావైడ్‌తో ఈ దారి తెరుచుకుంది. ఇప్పుడు చాలా కంపెనీలవి ఉన్నాయి. ధర వీఏకి రెండింతల పైనే. కొనే స్తోమత ఉన్నవాళ్లకు కూడా మన ప్రాంతంలో మూడు మాటలు చెప్పాలి.

ఒకటి, ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా ఉంటే దాని మచ్చ తెర మీద ఉండిపోవచ్చు. పొద్దంతా ట్యాలీ, ఎక్సెల్ తెరిచి ఉంచే రైస్ మిల్లు ఆఫీసుకు ఇది పనికిరాదు. రెండు, క్యూడీ-ఓఎల్ఈడీలు చాలావాటిలో వెలుతురు పడితే నలుపు కాస్త ఊదాగా, బూడిదగా తేలుతుంది. కిటికీకి ఎదురుగా పెడితే కొన్న సొమ్ము సగం ఎండపాలు. మూడు, వేడి. మానిటర్ మాన్యువల్స్‌లో పనిచేసే ఉష్ణోగ్రత ఎక్కువగా 40 డిగ్రీల వరకే రాసి ఉంటుంది. మే నెలలో మన దగ్గర బయటే 43, 44 డిగ్రీలు చూస్తున్నాం. పై అంతస్తు రేకుల గదిలో ఏసీ, కూలర్ లేకుండా ఓఎల్ఈడీ పెట్టడం దాన్ని ముసలిదాన్ని చేయడమే.

హెర్ట్జ్ ఎంత ఉండాలి?

హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపిస్తుందన్న లెక్క. 144 లేదా 165 చాలు. 3440 × 1440లో అంతకు మించి ఫ్రేములు ఇచ్చే కార్డు మనలో ఎంతమంది దగ్గర ఉంది? 100 హెర్ట్జ్ కూడా కథ ఉన్న ఆటలకు బాగానే ఉంటుంది.

కొత్త మానిటర్ పెట్టా, పాతదానికీ దీనికీ తేడా ఏమీ లేదన్నా.

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడండి. 60 అని ఉంటుంది. దాన్ని మానిటర్ ఇచ్చే పెద్ద అంకెకు మార్చండి. తర్వాత ఆట సెట్టింగుల్లో కూడా రిజల్యూషన్ 3440 × 1440 పెట్టారో లేదో చూడండి.

నవ్వకండి. నేను మూడు వారాలు 144 హెర్ట్జ్ మానిటర్‌ను 60 మీద నడిపి, "ఎంత స్మూత్‌గా ఉందో" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించా.

1 ఎంఎస్ అని డబ్బా మీద ఉంది. నిజమేనా?

ఎంఎస్ అంటే మిల్లీసెకను, అది ఏ 1 ఎంఎస్ అన్నది ప్రశ్న. ఎంపీఆర్‌టీ అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంటే, వెనక లైటును ఆర్పుతూ వెలిగిస్తూ తెచ్చిన అంకె అది. ఆ మోడ్ పెడితే వెలుగు తగ్గుతుంది, చాలా మానిటర్లలో ఫ్రీసింక్ (కార్డు ఇచ్చే ఫ్రేములకు తెరను జతచేసే ఏర్పాటు) కూడా ఆగిపోతుంది. జీటీజీ అని ఉంటే ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారే సమయం. అది కూడా అన్ని రంగుల మార్పులకూ ఒకేలా ఉండదు. మీరు కొనబోయే మోడల్ పేరు కొట్టి, కొలిచి చూపించిన రివ్యూ ఒకటైనా చూడండి.

నేను ఆడే ఆటలు ఈ పొడుగు తెరలో నిండుగా వస్తాయా?

అన్నీ రావు. ఫోర్జా హొరైజన్ 5, సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, జీటీఏ 5 లాంటివి 21:9లో నిండుగా, పక్కల ఎక్కువ దృశ్యంతో వస్తాయి. రేసింగ్‌లో పక్కన వచ్చే కారు అద్దం చూడకుండానే కనబడటం వేరే అనుభవం. ఆ ఒక్కదానికే ఈ తెర కొన్నా తప్పులేదంటాను.

వాలరెంట్ మాత్రం ఆటలోకి దిగాక 16:9 మాత్రమే. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. పోటీలో ఎవరికీ ఎక్కువ కనబడకూడదని అలా పెట్టారు. ఎల్డెన్ రింగ్ కూడా 16:9కే, పైగా 60 ఫ్రేములకే కట్టేసి ఉంటుంది. కాలేజీ హాస్టల్ కుర్రాళ్లు నాకు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఇదే: "తమ్మీ, నువ్వు పొద్దస్తమానం వాలరెంటేనా?" అవునంటే 24 లేదా 27 ఇంచుల తిన్నటి, ఎక్కువ హెర్ట్జ్ మానిటర్ కొనుక్కోమంటా. పొడుగు తెర కొని పక్కల నల్ల పట్టీలు చూస్తూ కూర్చోవడానికి అంత డబ్బు ఎందుకు?

బీజీఎంఐ ఫోన్లో ఆడేవాళ్లకు ఈ మానిటర్‌తో పనే లేదు.

పీఎస్5 పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, నిండదు. పీఎస్5, ఎక్స్‌బాక్స్ రెండూ 21:9 ఇవ్వవు. పీఎస్5కు 1440పీ (2560 × 1440) కూడా 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తోనే వచ్చింది. మధ్యలో బొమ్మ, పక్కల నల్ల పట్టీలు. కన్సోలే ప్రధానమైతే టీవీ తీసుకోండి.

సినిమాలు, క్రికెట్ ఎలా ఉంటాయి?

మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో తీస్తారు. దాని కొలత 2.39:1, 3440 × 1440 తెర కొలత కూడా అదే. కాబట్టి సినిమా అంచు నుంచి అంచుకు నిండి, చిన్న థియేటర్‌లా ఉంటుంది. ఒక్క చిక్కు: ఓటీటీలు, యూట్యూబ్‌లో కొన్ని సినిమాల వీడియోలోనే పైనా కిందా నల్ల పట్టీలు కలిసి ఉంటాయి. అప్పుడు నాలుగు వైపులా నలుపు వచ్చి మధ్యలో బొమ్మ చిన్నగా, కిటికీలోంచి చూసినట్టు ఉంటుంది. బ్రౌజర్‌లో జూమ్ చేసి నింపే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, అవి పెట్టుకుంటే సరిపోతుంది.

క్రికెట్, సీరియళ్లు, వార్తలు 16:9. పక్కల పట్టీలతో 27 ఇంచుల టీవీ చూసినట్టే. ఆ పక్క జాగాలో స్కోర్‌కార్డో వాట్సాప్ వెబ్బో తెరుచుకోవడం నా అలవాటు.

ఏ కేబుల్ వాడాలి? ల్యాప్‌టాప్‌కు కలుస్తుందా?

డెస్క్‌టాప్ అయితే కార్డు నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్. మదర్‌బోర్డుకున్న పోర్టులో గుచ్చకండి, గ్రాఫిక్స్ కార్డుకున్న పోర్టులోనే గుచ్చండి. ఈ పొరపాటు మీద నాకు వచ్చినన్ని ఫోన్లు మరి దేని మీదా రాలేదు. హెచ్‌డీఎంఐ 2.0లో 3440 × 1440 మామూలుగా 100 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే 144, 165కి ఇబ్బంది లేదు. మానిటర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్ వాడండి. ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ పాత వైరు తగిలించి తెర మినుకుమినుకుమంటోందని అనవద్దు.

ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ ఏ వెర్షనో, టైప్-సీ పోర్టు వీడియో ఇస్తుందో లేదో మోడల్ పేరుతో వెతికి చూసుకోండి. టైప్-సీ కనబడగానే వీడియో వస్తుందనుకోకూడదు. కొన్ని ఛార్జింగ్‌కు, డేటాకు మాత్రమే.

ఫ్రీసింక్ మానిటర్ ఎన్‌విడియా కార్డుతో పనిచేస్తుందా?

చాలావరకు చేస్తుంది. 2019 జనవరి డ్రైవర్ నుంచి జీటీఎక్స్ 10 సిరీస్, ఆ తర్వాతి కార్డులకు ఆ వీలు ఇచ్చారు. డిస్‌ప్లేపోర్ట్‌తో కలపండి.

హెచ్‌డీఆర్ 400 స్టిక్కర్‌కు ఎక్కువ ఇవ్వొచ్చా?

రూపాయి కూడా ఇవ్వకండి. హెచ్‌డీఆర్ అంటే వెలుతురు, చీకటి తేడా ఎక్కువగా చూపించే పద్ధతి. మామూలు ఎల్‌సీడీ (వీఏ, ఐపీఎస్ రెండూ ఇవే) తెరలో అది పేరుకే హెచ్‌డీఆర్. తెరలో ఒక భాగాన్ని వెలిగించి ఇంకో భాగాన్ని ఆర్పే ఏర్పాటు లేకపోతే బొమ్మంతా తెల్లబోతుంది, అంతే. ఓఎల్ఈడీలో మాత్రం హెచ్‌డీఆర్ చూడదగ్గది.

మా ఊర్లో వోల్టేజ్ ఎక్కువ తక్కువ అవుతుంది. స్టెబిలైజర్ కావాలా?

మానిటర్ అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చదవండి. ఎక్కువ వాటిపై 100–240 వోల్టులని ఉంటుంది. పొలాల్లో మోటార్లు ఒక్కసారి ఆన్ అయి లైట్లు మందగించినా మానిటర్‌కు ఏమీ కాదు. దాని ప్రాణానికి ముప్పు పిడుగులు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచి ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ఇంటర్నెట్ వైరు కూడా పీకాలి. ఎర్తింగ్ సరిగా లేక క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమనే ఇళ్లు ఊళ్లలో చాలా ఉన్నాయి. లక్ష రూపాయల సామాను పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించడం పెద్ద ఖర్చు కాదు.

యూపీఎస్ అడిగేవాళ్లకు: 34 ఇంచుల ఎల్‌సీడీ మానిటర్ సుమారు 40 నుంచి 60 వాట్లు లాగుతుంది, కరెంటు తినేది గ్రాఫిక్స్ కార్డు. 600 వీఏ (ఇక్కడ వీఏ అంటే ప్యానెల్ కాదు, యూపీఎస్ సామర్థ్యం కొలత) యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే కార్డు లాగే లోడుకు అది కీచుమని ఆగిపోతుంది. గేమింగ్ పీసీకి 1000 వీఏ దాటి చూడండి.

ఆన్‌లైన్‌లో కొనాలా, సికింద్రాబాద్ వెళ్లాలా?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా అల్ట్రావైడ్‌ను ఆన్ చేసి చూపించే షాపు దొరకడం కష్టం. తెప్పించి ఇస్తారు, చూడనివ్వరు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మానిటర్లు ఆన్ చేసి పెట్టిన షాపులు ఉంటాయి. కొన్నా కొనకపోయినా ఒకసారి వెళ్లి ఆ వంపు ముందు కూర్చుని రండి. మహబూబ్‌నగర్ నుంచైనా నల్లగొండ నుంచైనా వంద కిలోమీటర్లే కదా, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

కొని తెచ్చుకోవడం మాత్రం బస్సులో వద్దు. డబ్బా దాదాపు మూడడుగుల పొడవు. నేను ఒకసారి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి వెనక సీటు పక్కన నిలబెట్టి తెచ్చా. చౌటుప్పల్ దాటేదాకా దాన్ని పట్టుకుని నేనూ నిలబడే ఉన్నా. చిట్యాల దగ్గర ఒక పెద్దావిడ దాని మీద ఉల్లిగడ్డల సంచి పెట్టబోతే "అమ్మా, అద్దం, అద్దం" అని అరిచా. "గంత పెద్ద అద్దం ఏం జేస్కుంటవ్ బిడ్డా" అంది.

ఆన్‌లైన్ అయితే ముందు మీ పిన్‌కోడ్ కొట్టి చూడండి. 508001, 509001 లాంటి పట్టణం పిన్‌కోడ్‌కు వచ్చే డెలివరీ పక్క మండలానికి రాకపోవచ్చు. పట్టణంలో చుట్టాల అడ్రసు పెట్టుకోవడం మనకు తెలిసిన విద్యే. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి. డబ్బా విప్పడం మొదలు తెర వెలిగేదాకా ఆపకుండా వీడియో తీయండి.

ధర అంకెలు ఇక్కడ రాయను. దసరాకు ఒకటి, సంక్రాంతికి ఒకటి ఉంటుంది. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: 32 ఇంచులు దాటిన మానిటర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. అంతకుముందు తీసిన స్క్రీన్‌షాట్ చూపించి "అప్పటికంటే తగ్గించి ఇస్తున్నా" అనే షాపాయన దగ్గర ఈ లెక్క తీయండి.

వచ్చిన రోజు ఏం చూడాలి?

రాత్రి లైట్లు ఆపి తెర మొత్తం నలుపు పెట్టి చూడండి, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు. చచ్చిన చుక్కలుంటే తెలుస్తాయి. నలుపు మీద మూలల్లో వెలుతురు కారడం వంపు ఎల్‌సీడీల్లో కొంత మామూలే. ఆటలోని చీకటి దృశ్యాల్లో కూడా కనబడేంతగా ఉంటే వెంటనే మార్పించండి. రిటర్న్ గడువు ఎన్ని రోజులో ఆర్డర్ పెట్టిన రోజే క్యాలెండర్ మీద రాసుకోండి. "పండగయ్యాక చూద్దాం" అనుకున్నవాళ్ల గడువు పండగలోనే అయిపోతుంది.

వారంటీలో ఏం అడగాలి?

ఇంటికొచ్చి చూస్తారా, మనం మోసుకెళ్లాలా అన్నది మొదటి ప్రశ్న. కస్టమర్ కేర్‌కు కొనకముందే ఫోన్ చేసి పిన్‌కోడ్ చెప్పి అడగండి. చచ్చిన చుక్కలు ఎన్ని ఉంటే మారుస్తారన్నది రెండోది. ఒకటీ రెండింటికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఓఎల్ఈడీ అయితే మచ్చ పడటం వారంటీలో ఉందా లేదా కాగితం మీద చూడాలి. డబ్బా, థర్మోకోల్ మాత్రం అటక మీద పెట్టుకోండి. ఒక కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు నా మానిటర్‌ను అసలు డబ్బాలో పంపితేనే తీసుకుంటామన్నారు. మా ఇంట్లో అప్పటికే దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు.

ఒక పెద్దది కాకుండా రెండు మామూలు మానిటర్లు పెట్టుకుంటే?

పనికి రెండు మంచివి, ఆటకు ఒకటి మంచిది. రెంటి మధ్య అంచు సరిగ్గా మీరు గురిపెట్టే చోట పడుతుంది. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే, పొడుగు తెర అవతలివాళ్లకు చీమల్లా కనబడుతుంది. ఒక్క విండో మాత్రమే షేర్ చేయడం అలవాటు చేసుకోండి.

49 ఇంచులది?

రెండు 27 ఇంచుల మానిటర్లు పక్కపక్కన అతికించినంత, దాదాపు నాలుగడుగుల తెర. సిమ్యులేటర్ స్టీరింగ్ బిగించుకున్నవాళ్లకు స్వర్గం. మిగతావాళ్లు యూట్యూబ్‌లో చూసి ఆనందించండి.

తెర ఎలా తుడవాలి?

మైక్రోఫైబర్ బట్టతో, మానిటర్ ఆపేసి, పొడిగా. కిటికీ అద్దాలు తుడిచే స్ప్రే కొట్టకండి, పై పూత పోతుంది. మరక పోకపోతే బట్టను కొంచెం తడిపి మెల్లగా తుడవండి, నీళ్లు తెర మీద నేరుగా చల్లకండి. ఆ తడి బోరు నీళ్లతో మాత్రం కాదు. మన నల్లగొండ నీళ్ల సంగతి బకెట్ అంచున పట్టిన తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది కదా, అదే పొర తెర మీదా కడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి తెచ్చి మానిటర్ వెనక పెట్టుకోండి. మా ఇంట్లో దాన్ని ఇన్వర్టర్‌లో పోసేశారు, నాకు మళ్లీ ఒకటి తేవాల్సి వచ్చింది.